బల్లలో చెయ్యి

నా చిన్నప్పుడు మా గడపలోకి ప్రభువు మాటను మొట్టమొదట మోసుకొచ్చిన మనిషిని ఊళ్ళో అందరూ కబురమ్మ అనేవారు. అది ఆమె అసలు పేరు కాదు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, 'మంచి కబురు తెచ్చానమ్మా, వింటారా?' అని అడిగేది కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. మా పేట కంకిపాడుకు రెండు మైళ్ళ అవతల, కాలవగట్టును ఆనుకుని ఉండేది. వారానికి మూడు రోజులు ఆమె ఆ గట్టు వెంట నడిచి వచ్చేది. తెల్ల నేతచీర, భుజాన గుడ్డసంచీ, చేతిలో మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్లగొడుగు. ఆ గొడుగు చనిపోయిన ఆమె భర్తది. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే, 'నవ్వండి, నవ్వండి. ఉన్నన్నాళ్ళూ ఆయన నన్ను ఎండన పడేశాడు. పోయాక ఇదుగో, నీడ పడుతున్నాడు' అని తనే ముందు నవ్వేది.

ఆమె మొదటిసారి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. అమ్మ చెప్పగా విన్నదే. నాకూ మా తమ్ముడికీ మధ్య అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. రెండో బిడ్డ పోయిన నెలలో అమ్మ అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరకుండా ఊరికే చూస్తూ కూర్చునేదట. కబురమ్మ వచ్చి ఏ కబురూ చెప్పలేదు. చేట తన ఒళ్ళోకి లాక్కుని రాళ్ళు ఏరి, బియ్యం అమ్మకు ఇచ్చేసి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు అట్లాగే చేసింది. అయిదో రోజున అమ్మే అడిగిందట, 'ఏదో కబురన్నారుగా, అదేంటో చెప్పరాదూ' అని.

మాకు దగ్గరలో ఆడపిల్లలు వెళ్ళే బడి లేదు. నా చదువంతా ఆ అరుగు మీదే, ఆ చేటలోనే సాగింది. కబురమ్మ చేటలో తవుడు పోసి పలచగా పరిచేది. దాని మీద నేను వేలితో అక్షరాలు దిద్దేదాన్ని. చేటను ఒకసారి అటూ ఇటూ ఊపితే తప్పులన్నీ చెరిగిపోయి మళ్ళీ కొత్త పలక అయ్యేది. పాఠం అయిపోయాక ఆ తవుడు గేదె కుడితిలోకి పోయేది. 'మీ గేదె మీకంటే ఎక్కువ చదివింది' అనేది ఆమె.

ఆమె నేర్పినవాటిలో నాకు ఇప్పటికీ పనికొచ్చేది మాత్రం అక్షరాలు కాదు. ఇంటిపనుల్లో ప్రతిదానికీ ఒక చిన్న మాటను జత చేసి చెప్పేది. పొయ్యి రాజేసేటప్పుడు, ఈ పూట ఉడికేదాన్ని పంచుకునే మనసివ్వమని ఒక మాట. వాకిలి ఊడ్చేటప్పుడు, నా లోపల పేరుకున్నదాన్ని కూడా ఊడ్చెయ్యమని ఒక మాట. బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు, దీపం తుడిచేటప్పుడు, గేదె పాలు పితికేటప్పుడు, దేనికి దానికే. మోకాళ్ళ మీద కూర్చునే తీరిక లేని మనుషులం మేము. దేవుడి కోసం వేరే గది కట్టనక్కరలేదనీ, వంటింట్లో పొయ్యి పక్కన ఆయనకు కాస్త చోటిస్తే చాలనీ చెప్పేది. అమ్మకు పాటలు రాగంలో వచ్చేవి కావు, వాక్యం చదవడమూ రాదు. కానీ ఈ మాటలు మాత్రం పట్టుకుంది. పొద్దున పొయ్యిలో పుల్లలు చిటపటమనడమూ, అమ్మ పెదాలు కదలడమూ ఒకేసారి మొదలయ్యేవి. ఆ శబ్దానికే నాకు మెలకువ వచ్చేది.

నెలకొక ఆదివారం బెజవాడ వైపు నుంచి పాస్టరు అయ్యగారు పడవలో వచ్చేవారు. ఆ రోజు మాకు బల్ల. ప్రభువు భోజనాన్ని మావాళ్ళు బల్ల అనే అంటారు. బాప్తిస్మం పొందినవాళ్ళు ముందుకు వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడాన్ని 'బల్లలో చెయ్యి వేయడం' అంటారు. 'ఈ నెల బల్లలో చెయ్యేశావా వదినా?' అని ఒకరినొకరు పలకరించుకునేవారు. ఆ రొట్టె కాల్చే భాగ్యం మా అమ్మది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో గోధుమపిండి దొరకడమే గగనం. దొరికిన గుప్పెడు పిండినీ దాచి, శనివారం సాయంత్రం పెనం రెండుసార్లు తోమి, ఎక్కడా ఒక్క మచ్చ పడకుండా కాల్చేది. అంచు ఏమాత్రం మాడినా గోటితో గీకి తీసేసేది. ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన నీళ్ళే మాకు ద్రాక్షరసం.

మా గుడి అంటే తాటాకు పాకే. అందులో ఉన్న ఒకే ఒక్క మంచి వస్తువు ఆ బల్ల. దాన్ని చేసింది మా నాన్న. ఆయన బెజవాడలో కాలవ ఒడ్డున పడవలు బాగుచేసే వడ్రంగి. తమ్ముడు పుట్టి, ఏడాది నిండి, మాకు దక్కుతాడని నమ్మకం కుదిరాక, విప్పేసిన ఒక పాత పడవలోని టేకు చెక్కలు అడిగి తెచ్చుకుని, కృతజ్ఞతగా ఆ బల్ల చేసి గుడికి ఇచ్చాడు. పాత మేకుల చిల్లులు లక్కతో పూడ్చాడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ బల్ల నుంచి పడవకు పూసే నూనె వాసన వచ్చేది. రొట్టె తీసుకుని వచ్చిన అమ్మ దగ్గరా అదే వాసన ఉన్నట్టు నాకు అనిపించేది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బల్లలో చెయ్యి వేయడమంటే నిజంగానే ఆ చెక్క మీద చెయ్యి పెట్టడమనీ, అట్లా పెట్టినవాళ్ళకు దేవుడు ఏదో ఇస్తాడనీ అనుకునేదాన్ని. పిల్లల్ని వెనక కూర్చోబెట్టేవారు కనుక ముందు ఏం జరుగుతుందో నాకు కనిపించేది కాదు. మా పెద్దనాన్న సంఘపెద్ద. బల్లకు ముందు ఆయన లేచి నిలబడి గట్టిగా హెచ్చరించేవాడు. 'యోగ్యత లేకండా బల్లలో చెయ్యేశారా, ఇంటి మీదికి జబ్బులొస్తయ్యి. నేను చెప్పలేదనొద్దు' అనేవాడు. ఆయన గొంతుకు పాకలో పిచ్చుకలు కూడా లేచిపోయేవి.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో ఒక శనివారం, గుడి ఊడ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. ఆ పొద్దునే నేను తవుడులో తంటాలు పడి రాసిన మూడు వరుసలను తమ్ముడు రెండు చేతులతో కలిపేశాడు. వాడికి రెండేళ్ళు నిండాయి, ఏం తెలుసు? నేను వాడి తొడ మీద ఎర్రగా కమిలేట్టు గిల్లాను. ఎందుకేడుస్తున్నాడని అమ్మ అడిగితే, చీమ కుట్టిందని చెప్పాను. గుడి ఊడ్చడం అయ్యాక, ఎవరూ లేరు కదా అని, గిల్లిన ఆ చేతినే అయిదు వేళ్ళూ పరిచి బల్ల మీద పెట్టాను. చెక్క గోరువెచ్చగా ఉంది. నాకు ఎంతో గొప్పగా అనిపించింది. పెద్దదాన్ని అయిపోయాననుకున్నాను.

మూడో రోజున తమ్ముడికి జ్వరం వచ్చింది.

ఆ జ్వరం తగ్గలేదు. నాన్న బెజవాడ నుంచి వచ్చాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే రోడ్డు మీద నడుంలోతు నీళ్ళు. కాలవ పొంగి పడవలు ఆగిపోయాయి. నన్ను పక్కింట్లో నేతపని చేసుకునే మామ్మ దగ్గర పడుకోబెట్టారు. వాళ్ళు హిందువులు, మేము క్రైస్తవులం. అయినా మా రెండిళ్ళకూ మధ్య ఉన్న దడికి ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత సందు ఉండేది. మామ్మ మగ్గం గుంట పక్కన చాప మీద పడుకుని నేను నా కుడిచేతి వంకే చూసుకునేదాన్ని. పెద్దనాన్న అన్న మాట తప్ప నాకు మరేమీ వినిపించేది కాదు. ఎవరికీ చెప్పలేదు.

ఆరో రోజు పొద్దున్నే కబురమ్మ మోకాలి లోతు నీళ్ళలో నడిచి మామ్మ ఇంటికి వచ్చింది. గుమ్మం ముందు ఆగి ఎప్పుడూ అనే మాట అనలేదు. గొడుగు ముడిచి గోడకు ఆనించి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నా రెండు మోకాళ్ళ మీదా చేతులు వేసింది.

'అమ్మడూ, ఇయ్యాల నా దగ్గర మంచి కబురు లేదే. తమ్ముడు పోయాడు.'

అంతే చెప్పింది. దేవుడు పిలుచుకున్నాడనీ, పువ్వును కోసుకున్నాడనీ అనలేదు. అందుకు ఆమెకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. అప్పుడు అట్లాంటి మాట అని ఉంటే, దేవుడి చేత ఆ పని చేయించింది నా చెయ్యేనని మరింత గట్టిగా నమ్మి ఉండేదాన్ని.

మా వాళ్ళలో చాలామందిని చాపలో చుట్టే సమాధి చేసేవారు. దానికి ఎవరూ చిన్నతనం అనుకునేవారు కాదు. కానీ ఆ రోజు సమాధుల దొడ్డిలో గుంట తవ్వి వచ్చినవాళ్ళు తల వంచుకుని నిలబడ్డారు. మూడడుగులు తవ్వేసరికే నీళ్ళు ఊరుతున్నాయట. ఎంత తోడినా మళ్ళీ నిండుతోందట. ఆ మాట విన్న క్షణాన, అప్పటిదాకా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్న అమ్మ తల ఎత్తింది.

మా తమ్ముడికి నీళ్ళంటే భయం. స్నానానికి కూర్చోబెడితే ఊరంతా వినపడేట్టు ఏడ్చేవాడు. అమ్మ ఒక చేత్తో వాడి కళ్ళు మూసి, మరో చేత్తో నీళ్ళు పోస్తూ, చెప్పాల్సిన ఆ చిన్న మాట చెప్పుకునేది. ఇప్పుడు వాణ్ణి ఉత్త చాపలో ఆ నీళ్ళలోకి దింపనివ్వనంది. పెట్టె కావాలంది. యుద్ధం పనులకు కలపంతా వెళ్ళిపోతున్న రోజులు. బెజవాడ వెళ్ళే దారి లేదు. పేటలో ఇళ్ళన్నీ వెదురూ తాటాకూ. నాన్న చుట్టూ చూసి చేతులు రెండూ దించేశాడు.

'గుడిలో బల్ల ఉందిగా,' అంది అమ్మ. 'వాడి కోసమే గదా చేశారు.'

పెద్దనాన్న ముందుకు వచ్చాడు. ఆయన ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనపడింది. 'ఏం మాటమ్మా అది? దేవుడికిచ్చింది మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారా ఎక్కడన్నా? ఆదివారం అయ్యగారొస్తే రొట్టె నేల మీద పెట్టమంటావా?'

'పెట్టండి బావగారూ. నా బిడ్డ నీళ్ళలో పడుకోవచ్చు గానీ, రొట్టె నేల మీద ఉండకూడదా?'

ఎప్పుడూ బావగారి ఎదుట గొంతెత్తని మనిషి మా అమ్మ. నాన్న 'అన్నయ్యా' అని మాత్రం అని ఆగిపోయాడు. అప్పుడు చూరు కింద నిలబడ్డ కబురమ్మ నెమ్మదిగా అంది: 'పెద్దయ్యగారూ, తుఫానులో పడవలో నిద్రపోయినాయనే గదండీ మన ప్రభువు. పడవ చెక్క ఆయనకి కొత్తా? పిల్లాణ్ణి ఆ పడవలోనే పంపుదాం. నీళ్ళలో వెళ్ళేవాడికి చాప కంటే పడవ నయం గదా.'

పెద్దనాన్న ఒప్పుకోనూ లేదు, అడ్డుపడనూ లేదు. వానలోకి వెళ్ళిపోయాడు. కబురమ్మ గుడిలోకి వెళ్ళి, బల్ల మీది తెల్లగుడ్డ నాలుగు మడతలు పెట్టి తన సంచీలో దాచింది. నాన్నా ఇంకొకరూ కలిసి బల్లను మా చూరు కిందికి మోసుకొచ్చారు. నాన్న జేనలతో తమ్ముణ్ణి కొలిచాడు. తర్వాత రంపం మొదలైంది.

ఆ రంపం చప్పుడు గురించి రాయడం నాకు చేతకాదు. చెక్క కోస్తుంటే పాత నూనె వాసన మళ్ళీ వచ్చింది. నేను చూరు కింద కూర్చుని రాలుతున్న పొట్టునంతా చేటలోకి ఎత్తాను. పనిలో సాయం చేస్తున్నానని అందరూ అనుకున్నారు. నిజానికి నా వేళ్ళ గుర్తు ఎక్కడన్నా ఉండిపోయిందేమో, నాన్న చూస్తాడేమోనని వెతుకుతున్నాను. బల్ల కూడా పోతోంది. ఇక అమ్మ బల్లలో చెయ్యి వేయడానికి ఎప్పటికీ వీలుండదు. అది కూడా నా వల్లే.

మామ్మ దడి సందులోంచి వచ్చింది. ఆమె చేతిలో కొత్త తెల్లబట్ట ఉంది. నూలు దొరకని రోజులవి. మగ్గం మీద సగం నేసిన బట్టను కోయడమంటే నేతవాళ్ళకు ఎంత కష్టమో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆమె కోసి తెచ్చింది. అంచుల్లో పడుగు పోగులు ఇంకా వేలాడుతున్నాయి. వాటిని ముడివేస్తూ, 'వెచ్చగా చుట్టవే తల్లీ' అని అమ్మకు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెట్టెను గుంటలోకి దింపితే కాసేపు నీళ్ళ మీద తేలిందట, పడవ లాగే. మట్టి వేశాక గాని కిందికి దిగలేదట. ఆ సంగతి నాన్న అమ్మతో ఎన్నడూ చెప్పలేదు. నాతో చెప్పాడు, తన చివరి రోజుల్లో.

ఆ తర్వాత అమ్మ మాట్లాడటం మానేసింది. ఏడవనూ లేదు. పొయ్యి రాజేయలేదు. పెద్దమ్మ అన్నం పంపితే నాకూ నాన్నకూ పెట్టి, తను గోడకు జారగిలి కూర్చునేది. పొద్దున పుల్లల చిటపట లేదు, ఆ మాటా లేదు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. వరద తగ్గి పడవలు కదిలాయి. నాన్న పనికి వెళ్ళక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ చూడలేదు. ఆమె కూడా తమ్ముడి వెనకే వెళ్ళిపోతుందని ఆడవాళ్ళు దడి దగ్గర గుసగుసలాడుకున్నారు. నేను విన్నాను.

బల్ల ఆదివారం వచ్చింది. అమ్మ గుడికి వెళ్ళలేదు. ఆమెను వదిలి నేనూ వెళ్ళలేదు. పాటలు అయిపోయి, జనం ఇళ్ళకు మళ్ళిన చాలాసేపటికి కబురమ్మ వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. గొడుగును తన మీద కాక, చేతిలోని పళ్ళెం మీద పట్టుకుని వచ్చింది. పళ్ళెం మీద ఆ తెల్లగుడ్డ కప్పి ఉంది. అయ్యగారు విరిచిన రొట్టెలో ఒక ముక్క అమ్మ కోసం అడిగి తెచ్చింది. రొట్టెను గుడిలో ధాన్యపు గంప బోర్లించి దాని మీద పెట్టారట. ఇక్కడ మా ఇంట్లో పెట్టడానికి చోటు కోసం ఆమె చుట్టూ చూసింది. వానకు నేలంతా చెమ్మగిల్లి ఉంది.

నాకు ఆ పళ్ళాన్ని చూడగానే భయం వేసింది. అమ్మ అది తీసుకుంటే ఇంకేం జరుగుతుందో! ఆమె కూడా పోతుందేమో! అన్నాళ్ళూ బిగబట్టిందంతా ఒక్కసారే బయటికి వచ్చేసింది. గుడిలో చెయ్యి వేసింది నేనేననీ, చీమ కుట్టలేదు, గిల్లింది నేనేననీ, అమ్మకు అది పెట్టొద్దనీ ఏడుస్తూ అరిచాను.

కబురమ్మ ఆశ్చర్యపోలేదు. నవ్వలేదు కూడా. ఎవరైనా పెద్దవాళ్ళ తగువు విన్నంత శ్రద్ధగా మొత్తం విని, 'ఏ చెయ్యే?' అని అడిగింది. నేను కుడిచెయ్యి చాపాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

'జ్వరం కాలవ నీళ్ళలోంచి వచ్చిందే పిచ్చిదానా. నీ వేళ్ళలోంచి కాదు. పేటలో ఎంతమందికి రాలేదు? వాళ్ళందర్నీ నువ్వే గిల్లి బల్ల ముట్టుకున్నావా?' అంది. నా చెయ్యి వదలకుండానే, 'తమ్ముణ్ణి గిల్లావు గదా, దానికి మటుకు ఏడువు. దానికి ఏడవాలి. మిగతాది నీది కాదు' అంది.

నా బతుకులో నేను విన్న తీర్పులన్నిటిలోకీ న్యాయమైనది అదే. నాది కానిదాన్ని నా మీద నుంచి దించింది. నాదైనదాన్ని నాకే ఉంచింది.

'రెండో చెయ్యి కూడా పట్టు,' అంది తర్వాత. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించి, గుడ్డ తీసేసి వాటి మీద పళ్ళెం ఉంచింది. 'ఈ ఇంట్లో బల్ల లేదుగా. కాసేపు నువ్వు నిలబడు.'

నేను అమ్మ ముందు నిలబడ్డాను. ఇత్తడి పళ్ళెం బరువు. మొదట బాగానే పట్టాను. అమ్మ చూడలేదు. కబురమ్మ తొందరపెట్టలేదు, ప్రార్థన చేయలేదు, గుమ్మం దగ్గర చీర కొంగు పిండుకుంటూ నిలబడింది. ఎంతసేపయిందో తెలియదు. నా మోచేతులు లాగేశాయి. పళ్ళెం గజగజ వణుకుతుంటే అందులోని రొట్టె ముక్క టకటకా చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు అమ్మ కళ్ళు తిప్పి పళ్ళెంలోకి చూసింది. చూస్తూనే ఆమె నుదురు ముడిపడింది.

'ఇదేం రొట్టెండీ? ఇట్టా మాడ్చారు?'

సమాధి నాటి నుంచి అమ్మ నోట వచ్చిన మొదటి మాట అది.

'ఏం చెయ్యనమ్మా, ఆదివారం రొట్టె కాల్చేవాళ్ళు లేకపోతే నేనే కాల్చా,' అంది కబురమ్మ. 'మా ఆయన కూడా ఇదే మాట అనేవాడు. ఆ బాధకే తొందరగా పోయాడేమో.'

అమ్మ నవ్వలేదు. చెయ్యి చాపింది. రొట్టె కోసమనుకున్నాను. కాదు. పళ్ళెం కింద, నా రెండు చేతుల కింద తన చెయ్యి పెట్టింది. వణుకు ఆగిపోయింది. ఆ చెయ్యి అట్లాగే ఉంచి, రెండో చేతి గోటితో మాడిన అంచును గీకడం మొదలుపెట్టింది. గీకుతూ గీకుతూ ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, గిల్లినందుకు.

కబురమ్మ నా చెవి దగ్గరికి వంగి, 'చూశావా, మీ అమ్మ బల్లలో చెయ్యేసింది' అంది.

ఆ తర్వాత అమ్మ ఆ ముక్క తిన్నదో లేదో ఎంత ఆలోచించినా నాకు గుర్తురాదు. ఆ చెయ్యి వెచ్చదనమే గుర్తుంది. మరునాడు పొద్దున పొయ్యిలో పుల్లలు అంటుకున్న చప్పుడు వినపడింది. అమ్మ పెదాలు మాత్రం కదల్లేదు. ఆ మాట మళ్ళీ రావడానికి చాలా నెలలు పట్టింది. వచ్చాక కూడా మునుపటి గొంతుతో రాలేదు. మా అమ్మ మళ్ళీ పూర్తిగా మునుపటి మనిషి అయిందని చెబితే అబద్ధమే. కానీ బతికింది. ఆదివారం రొట్టెను మళ్ళీ తనే కాల్చింది. అందుకు దేవునికి వందనాలు.

కబురమ్మకు మాత్రం మేలు జరగలేదు. బల్లను కోయించడమూ, రొట్టెను ఆడమనిషి గుడి దాటించి బాప్తిస్మం లేని పిల్ల చేతుల మీద పెట్టడమూ పైవాళ్ళ దాకా వెళ్ళాయి. ఎవరు చెప్పారో మేము అడగలేదు. పెద్దనాన్న చాలా రోజులు మా గుమ్మం వైపు చూడకుండా నడిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. దేవుడికి ఎక్కడ కోపం వస్తుందోనని జీవితమంతా భయపడుతూ బతికిన మనిషి. కబురమ్మను కృష్ణ అవతల, దివి వైపు పల్లెలకు పంపేశారు.

వెళ్ళే ముందు రోజు ఆమె ఎప్పటిలాగే వచ్చి చేటలో తవుడు పరిచింది. తమ్ముడి పేరు రాయమంది. రాశాను. ఒత్తు తప్పితే దిద్దింది. కాసేపు ముగ్గురమూ దాన్ని చూస్తూ కూర్చున్నాం. 'ఇక గేదెకి పోసెయ్' అంది. నాకు చేతులు రాలేదు. అమ్మే చేట అందుకుని, పెదాలతో ఏదో అనుకుంటూ, కుడితిలో కలిపింది. ఆ సాయంత్రం ఆ గేదె ఇచ్చిన పాలే కాచి కబురమ్మకు ఇచ్చింది. ఆమె తాగి, గొడుగు తీసుకుని, గట్టు మీద నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను చూడలేదు.

అక్కడ కలరా వచ్చిన ఒక పల్లెలో జబ్బుపడ్డవాళ్ళకు గంజి కాచి పోస్తూ ఆమె కూడా పోయిందట. ఊరూరికీ కబురు మోసిన మనిషి కబురు మా ఇంటికి చేరడానికి రెండేళ్ళు పట్టింది. అది తెచ్చింది ఎవరో దారినపోయే మనిషి. పేరు కూడా సరిగా చెప్పలేకపోయాడు. గొడుగు సంగతి చెబితే గుర్తుపట్టాం.

ఇప్పుడు నేను బెజవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర మా మనవరాలి ఇంట్లో ఉంటున్నాను. పుల్లలు లేవు, చిటపట లేదు. గ్యాసు పొయ్యి మీట తిప్పగానే వెలుగుతుంది. ఆ ఒక్క క్షణంలోనే నా మాట నేను చెప్పుకుంటాను. మేము వెళ్ళే గుడిలో అద్దంలా మెరిసే బల్ల ఉంది. రొట్టె తీసుకోవడానికి కుడిచెయ్యి చాపినప్పుడు నేను ఎడమచేతిని దాని కింద పెడతాను. ముసలితనం, చెయ్యి వణుకుతుందని అందరూ అనుకుంటారు. అనుకోనీ.

కబురమ్మకు పిల్లలు లేరు. ఆమె సమాధి ఎక్కడుందో చూపించేవాళ్ళు కూడా ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. అందుకని ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏ పూటైనా రొట్టో, అట్టో కాస్త మాడితే, కాల్చినవాళ్ళను ఏమీ అనకండి. మాడిన అంచు గోటితో గీకుతూ, గొడుగును తన తల మీద కాక పళ్ళెం మీద పట్టుకుని వానలో వచ్చిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.